నురగకు ప్రతిపదార్థం

వ్యాఖ్యానానికి ముందు మూలం ఉండాలి. హైదరాబాదులో ఏ ఫ్యాక్టరీ కొనుగోలు కాగితం తిరగేసినా, రాణిగంజ్ ఫైర్ సామాన్ల దుకాణంలో ఏ డ్రమ్ము లేబుల్ చదివినా కాస్త అటూ ఇటూగా ఈ వరుసే కనిపిస్తుంది:

ఫోమ్ కాంపౌండ్, ఏఆర్-ఏఎఫ్ఎఫ్ఎఫ్, 3/6 శాతం, ఐ.ఎస్. 4989, లో ఎక్స్‌పాన్షన్, మంచినీటికీ ఉప్పునీటికీ, 200 లీటర్లు, క్లాస్-బి మంటలకు. ఇతర ఫోములతో కలపరాదు.

కొనేవాళ్లలో చాలామంది ఈ వరుసలో చూసేది ధర ఒక్కటే. నిజానికి ఒక్కో మాట వెనక ఒక్కో షరతు ఉంది. ఈ వరుసను లక్డీకాపూల్ దగ్గర పెట్టుకుని చదవడానికి కారణం కూడా ఉంది. ఇక్కడ నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రులున్నాయి, వాటి చుట్టూ ల్యాబులున్నాయి. పెట్రోల్ బంకులు, హోటల్ వంటశాలలు, ప్రతి పెద్ద భవనం వెనకా డీజిల్ జనరేటరు. మండే ద్రవాల రకాలన్నీ ఒక చిన్న ఫ్యాక్టరీలో కంటే ఈ నాలుగు వీధుల్లోనే ఎక్కువ. నడిచి వెళ్లేంత దూరంలో నాంపల్లి బజార్‌ఘాట్ ఉంది. 2023 నవంబరు 13న, దీపావళి మర్నాడు పొద్దున, అక్కడి ఒక నివాస భవనంలో కింది అంతస్తులో నిల్వ ఉన్న రసాయన డ్రమ్ములు అంటుకుని ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. ఆ మంట దగ్గరికి క్లాస్-బి అనే మాట వచ్చినప్పుడు వెళదాం.

ఫోమ్ కాంపౌండ్: డ్రమ్ములో ఉన్నది నురగ కాదు, దాని ముడిసరుకు. మన ఫైర్ సిబ్బంది నోట ఇది ఎప్పుడూ కాంపౌండే. నీళ్లలో కలిపితే ద్రావణం, ఆ ద్రావణంలోకి హోజ్ చివరి బ్రాంచ్ పైపు దగ్గర గాలి చొరబడితే నురగ. అంటే మంట మీద పడేదాంట్లో గాలే ఎక్కువ, మిగిలినదాంట్లో నీళ్లే ఎక్కువ, కాంపౌండ్ పాలు అతి తక్కువ.

మండేది ద్రవం కాదు, ద్రవం మీది ఆవిరి. పెట్రోలు సున్నాకు దాదాపు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. టోలీన్‌కు 4 డిగ్రీలు చాలు, ఆస్పత్రి స్పిరిటుగా వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాలుకు 12. డీజిల్‌కు కనీసం 35 ఉండాలని మన ప్రమాణం. హిమాలయాల్లో డీజిల్ నింపాదిగా ఉంటుందేమో గాని, మే నెల మధ్యాహ్నం హైదరాబాదు తారురోడ్డు మీద ఒలికిన డీజిల్ ఆ గీత దాటేసే ఉంటుంది. నీళ్లు కొడితే పెట్రోలు నీటికంటే తేలిక కాబట్టి నీళ్లు అడుక్కు పోతాయి, పెట్రోలు పైకి తేలి, మండుతూ, పారే నీళ్లతో పాటు పక్క దుకాణం దాకా ప్రయాణం చేస్తుంది. నురగ ఏ నూనె మీదైనా తేలుతుంది, ఆవిరిని కింద అదిమి ఉంచుతుంది, కారే నీళ్లతో చల్లబరుస్తుంది.

ఈ ఆలోచన చమురు ఊళ్లోనే పుట్టింది. బాకూ నగరంలో పాఠాలు చెప్పుకునే అలెక్సాండర్ లోరాన్ నూనె బావుల మంటలు చూసి, రెండు రసాయనాలు కలిపి బుడగలు పుట్టించే పద్ధతికి 1904లో పేటెంటు తీసుకున్నాడు. గాలి కలిపి నురగ చేసే పద్ధతి ఆ తర్వాతది. దానికి తొలి కాంపౌండ్ పశువుల గిట్టలు, కొమ్ముల పొడిని ఉడికించి తీసిన ప్రొటీన్. ఆ వాసన ఒకసారి తగిలినవాళ్లు మరిచిపోరు. వాసన ఎలా ఉన్నా గట్టి నురగ, వేడికి త్వరగా చెదరదు. లోపం ఒకటే, అది మెల్లగా పాకుతుంది.

ఏఎఫ్ఎఫ్ఎఫ్: నీటి పొర కట్టే నురగ అని అర్థం. ఆ మెల్లదనానికి మందుగా దీన్ని 1960ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనాశాల తయారుచేసింది. దీని బలం తలతన్యత లెక్కలో ఉంది. నీటికి ఆ లెక్క 72 దగ్గర, పెట్రోలు వంటి నూనెలకు 20 చిల్లర. నీళ్లు పెట్రోలు మీద పొరగా పరుచుకోలేకపోవడానికి కారణం ఈ తేడాయే. ఏఎఫ్ఎఫ్ఎఫ్ కలిపిన నీటికి అది 16, 17కు దిగుతుంది. అప్పుడు నురగ నుంచి కారే ఆ నీరే నూనె మీద కంటికి కనిపించని పలుచని పొరగా పాకుతుంది. నురగ ఇంకా చేరని చోటికి కూడా పొర ముందే చేరి ఆవిరిని ఆపుతుంది. విమానాశ్రయాల్లో, రిఫైనరీల్లో ఇది అంత త్వరగా రాజ్యమేలడానికి ఈ వేగమే కారణం.

ఏ నురగైనా వాడే తీరు తెలియకపోతే ఏమవుతుందో 1967 జులై 29న తేలింది. టోంకిన్ సింధుశాఖలో ఉన్న ఫారెస్టల్ అనే అమెరికా విమానవాహక నౌక మీద ఇంధనం అంటుకుని, బాంబులు పేలి, 134 మంది చనిపోయారు. మంటలార్పే శిక్షణ ఉన్న బృందంలో అధికులు తొలి పేలుడుకే బలయ్యారు. మిగిలినవాళ్లలో ఒక జట్టు నురగ పరుస్తుంటే ఇంకో జట్టు పక్కనుంచి నీళ్ల జెట్ కొట్టి ఆ నురగను కడిగేసింది. ఆ నౌకాదళ శిక్షణలో ఆ దృశ్యం చాలా కాలం పాఠమైంది. మన వీధుల్లోనూ జరిగేది ఇదే. ఒక ఇంజన్ ఫోమ్ వేస్తుంది, వెనకాల వచ్చిన ఇంకో ఇంజన్, సాయం చేద్దామనే, అదే చోట నీళ్లు కొడుతుంది. పక్కనున్న డ్రమ్ములను, గోడలను చల్లబరచాలంటే నీళ్లు కావాల్సిందే, కాని ఆ నీళ్లు నురగ పరిచిన మడుగులో పడకూడదు. ఈ రెంటినీ ఒక్కరి ఆజ్ఞ కింద నడపకపోతే ఎంత మంచి కాంపౌండైనా నాలాలోకే.

ఏఆర్: మూలంలో అన్నిటికంటే చిన్న ముక్క ఇది. అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సిందీ దీని గురించే. ఆల్కహాలును తట్టుకునేది అని అర్థం.

నూనెజాతి ద్రవాలు నీళ్లతో కలవవు. పెట్రోలు, కిరోసిన్, టోలీన్, జైలీన్, హెక్సేన్, స్టైరీన్ అన్నీ ఈ జాతి. స్పిరిటు, మిథనాల్, ఎసిటోన్ అలా కాదు, నీళ్లు కనిపిస్తే చాలు కలుపుకుంటాయి. నురగ అంటే నీటి గోడలున్న బుడగలే కాబట్టి వీటి మీద మామూలు ఏఎఫ్ఎఫ్ఎఫ్ వేస్తే అడుగునుంచి ఆ నీటిని లాగేసుకుంటాయి. నురగ పడుతూనే ఉంటుంది, కరిగిపోతూనే ఉంటుంది, మంట అలాగే ఉంటుంది. పలుచని పొర సంగతి సరేసరి, అది ఏర్పడనే ఏర్పడదు. ఏఆర్ కాంపౌండ్‌లో జిగురుజాతి పాలిమర్ ఉంటుంది. స్పిరిటు తగిలిన చోట అది ద్రావణం నుంచి విడివడి, కాగిన పాల మీద మీగడలా పేరుకుంటుంది. నురగ ఆ తెట్టు మీద నిలుస్తుంది. మొదట కొంత నురగ ఆ తెట్టు కట్టడానికే ఖర్చవుతుంది, తర్వాత వచ్చింది నిలబడుతుంది.

ఇందులోంచే వాడుక పద్ధతి వచ్చింది. తెట్టు చిరగకూడదు. బ్రాంచ్‌ను మడుగు మధ్యకు గురిపెట్టి కొడితే నురగ ద్రవంలో మునిగి, స్పిరిటుతో తడిసి, పనికిరాకుండా పోతుంది. వెనక గోడకు కొట్టి జారనివ్వాలి, లేదా మడుగు ముందు నేల మీద కొట్టి దొర్లించాలి, అదీ కుదరకపోతే పైకి కొట్టి వానలా రాలనివ్వాలి. పెట్రోలు మీద ఈ జాగ్రత్త మంచిది. స్పిరిటు మీద ఇది లేకుంటే పనే జరగదు.

ఇప్పుడు లక్డీకాపూల్ చుట్టూ చూస్తే ఈ రెండక్షరాలకు ఎంత పని ఉందో తెలుస్తుంది. ఆస్పత్రి స్టోరులో స్పిరిటు, శానిటైజరు. పాథాలజీ ల్యాబులో కణజాలం ముక్కలను ఆరబెట్టడానికి ఆల్కహాలు, ఆ తర్వాత జైలీన్, పక్కపక్క సీసాల్లోనే. పంజాగుట్ట నిమ్స్ నుంచి అమీర్‌పేట డయాగ్నస్టిక్ సెంటర్ల దాకా ఇదే వరస. పెయింట్ దుకాణంలోని థిన్నర్ డబ్బాలో తరచూ టోలీన్‌తో పాటు ఎసిటోన్ వంటి కలిసిపోయే ద్రవాలూ ఉంటాయి. మిశ్రమం ఎదురైనప్పుడు నియమం ఒక్కటే, అందులో నీళ్లతో కలిసేది చెప్పుకోదగ్గంత ఉంటే మొత్తాన్నీ ఆ జాతిగానే లెక్కించాలి.

ఆ నియమం ఇప్పుడు పెట్రోల్ బంకు దాకా వచ్చేసింది. మనం పెట్రోలు అని పోయించుకుంటున్నది కొన్నేళ్ల కిందటి పెట్రోలు కాదు. 2022లో దేశం పది శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం చేరుకుంది, 2025 నాటికి ఇరవై శాతం కలిపిన ఇ-20 బంకుల్లో మామూలు సరుకైపోయింది. ఇథనాల్ వంటి కలిసిపోయే పదార్థం పది శాతం దాటిన పెట్రోలుకు ఏఆర్ ఫోమే వాడాలన్నది అంతర్జాతీయంగా నడుస్తున్న నియమం. పాత కాగితాన్ని చూసి ‘హైడ్రోకార్బన్‌కు ఏఎఫ్ఎఫ్ఎఫ్ చాలు’ అని రాసే కొనుగోలు విభాగాలు తెలుసుకోవాల్సింది ఇదే: ఫోమ్ మారలేదు, పెట్రోలు మారింది. చర్లపల్లి వైపు డిపోల నుంచి రాత్రిపూట ఊళ్లోకి వచ్చే ట్యాంకర్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. నా మటుకు ఊరి మధ్యలో ఉండే ఇంజన్లలో ఏఆర్ తప్ప ఇంకోటి మోయడం దండగ. ఏఆర్ రెండు జాతులకూ పనికొస్తుంది, మామూలుది ఒక్కదానికే. ఇంజన్ బయలుదేరేటప్పుడు మండుతున్నది ఏమిటో ఎవరికీ తెలియదు.

ఫార్మా రాష్ట్రాలుగా పేరుపడ్డ మనకు ఇంకో ఉదాహరణ ఉంది. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా కర్మాగారంలో ఎంటీబీఈ అనే ద్రావకం కారి, ఆవిరి కమ్ముకుని, పేలి, 17 మంది చనిపోయారు. ఎంటీబీఈ ఈథర్ జాతి. స్పిరిటులా పూర్తిగా కాకపోయినా నీళ్లలో కొంత కలుస్తుంది, ఏఆర్ కోరే ద్రవమే. పేలుడు జరిగాక ఏ నురగా ఏమీ చెయ్యలేదు. కారిన ద్రవం ఇంకా అంటుకోకముందు దాని మీద నురగ పరిస్తే ఆవిరి లేవడం తగ్గుతుంది. ఫోమ్‌కు ఈ రెండో కొలువు ఉందని చాలా కర్మాగారాల్లో గుర్తుండదు, మంట లేనిదే డ్రమ్ము మూత తీయరు.

3/6 శాతం: నూనెజాతికి మూడు పాళ్లు, కలిసిపోయే జాతికి ఆరు పాళ్లు. మూడు లీటర్ల కాంపౌండ్‌కు 97 లీటర్ల నీళ్లు, ఆరుకు 94. రెంటికీ మూడే చాలే కొత్త రకాలూ వచ్చాయి, వాటి మీద 3/3 అని ఉంటుంది. ఈ అంకె డ్రమ్ము మీదా, దాన్ని పీల్చే ఇండక్టర్ మీదా ఒకటే ఉండాలి. ఆరు శాతం కాంపౌండ్‌ను మూడు మీద పెట్టిన ఇండక్టర్‌తో లాగితే సబ్బునీళ్లు వస్తాయి. మూడు శాతం దాన్ని ఆరు మీద లాగితే నురగ బాగానే ఉంటుంది, సగం సమయంలో డ్రమ్ము ఖాళీ.

ఏఆర్ కాంపౌండ్ చిక్కన, తేనెలా మొండిది. పాత ఇండక్టర్లు పలుచని ప్రొటీన్ కోసం చేసినవి, దీన్ని సరిగ్గా పీల్చలేవు. ఇంకో చిక్కు ఇరుకు గల్లీలది. ఇండక్టర్ తర్వాత హోజ్ మరీ పొడుగైనా, బ్రాంచ్‌ను మేడ మెట్లెక్కించినా వెనకనుంచి ఒత్తిడి తన్నుకొస్తుంది. ప్రతి పది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి అదనం. అది లోపలికొచ్చే ఒత్తిడిలో మూడింట రెండొంతుల దగ్గరికి చేరితే ఇండక్టర్ పీల్చడం మానేస్తుంది. బ్రాంచ్ పట్టుకున్న మనిషికి నీళ్లు వస్తూనే ఉంటాయి, తెల్లగా కూడా కనిపించవచ్చు, కింద డ్రమ్ములో మట్టం మాత్రం దిగదు. అందుకే డ్రమ్ము దగ్గర ఒక మనిషిని నిలబెట్టాలి, పికప్ ట్యూబ్ లాగుతోందా లేదా చూడడమే అతని పని.

ఐ.ఎస్. 4989: భారత ప్రమాణాల సంస్థ ఫోమ్ కాంపౌండ్లకు పెట్టిన ప్రమాణం. ఎంత ఉబ్బాలి, నీరు ఎంత మెల్లగా కారాలి, మంటను ఎంతసేపట్లో ఆర్పి తిరిగి అంటుకోకుండా ఎంతసేపు కాపాడాలి అని ఇలాంటి ప్రమాణాలు పరీక్షిస్తాయి. కొనేవాళ్లు అడగాల్సింది సర్టిఫికెట్‌తో పాటు ఆ పరీక్ష ఏ ద్రవం మీద చేశారన్నది. ఎసిటోన్ మీద నెగ్గింది మీ స్టోరులోని ఐసోప్రొపైల్ మీద అదే మోతాదులో నెగ్గుతుందని చెప్పలేం. తయారీదారు ద్రవం వారీగా మోతాదుల పట్టిక ఇస్తాడు. అది ఇవ్వనివాడి దగ్గర కొనకపోవడమే మేలు.

లో ఎక్స్‌పాన్షన్: ఇరవై రెట్ల లోపు ఉబ్బేది. బరువుంటుంది, దూరం వెళుతుంది, మంటలోంచి దూసుకుపోతుంది. ఇరవై నుంచి రెండు వందల రెట్ల దాకా మీడియం, ఆ పైన వెయ్యి దాకా హై. హై ఎక్స్‌పాన్షన్ నురగను ఫ్యాన్‌తో పుట్టించి సెల్లారునో గోదామునో నింపేయవచ్చు. లక్డీకాపూల్ సెల్లార్లకు అది బాగా నప్పుతుందనిపిస్తుంది గాని, మనుషులు ఇంకా లోపలే ఉన్నారేమో తేలకుండా ఆ పని చెయ్యకూడదు, నురగలో మునిగినవాళ్లకు దారీ కనిపించదు, కేకా వినిపించదు.

మంచినీటికీ ఉప్పునీటికీ: విశాఖ రేవులో ఈ మాట ప్రాణం, హైదరాబాదులో అంత కాదు. మన బోరునీటి గట్టిదనం కూడా నురగను కొంత తగ్గిస్తుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. నెలవారీ డ్రిల్లు మంచినీళ్లతో కాకుండా సంపులో నిజంగా ఉండే నీళ్లతోనే చేయాలి.

200 లీటర్లు: ఇక్కడ కాస్త లెక్క. ఒక్క డ్రమ్ము ద్రావకం, అదీ రెండు వందల లీటర్లే, చదును నేల మీద రెండు మిల్లీమీటర్ల మందాన పరుచుకుంటే వంద చదరపు మీటర్లు. నూనెజాతి ఒలుకుకు ఏఎఫ్ఎఫ్ఎఫ్ మోతాదు చదరపు మీటరుకు నిమిషానికి 4.1 లీటర్ల ద్రావణం, పదిహేను నిమిషాలు. వందకు 410 లీటర్లు, పదిహేను నిమిషాలకు 6,150. అందులో మూడు శాతం దాదాపు 185 లీటర్ల కాంపౌండ్. అంటే డ్రమ్ముకు డ్రమ్ము. మామూలు వాటర్ టెండరులో ఉండే 4,500 లీటర్ల నీళ్లు ఆ వేగానికి పదకొండు నిమిషాల్లో అయిపోతాయి, రెండో ఇంజన్ అప్పటికే వెనక నిలబడి ఉండాలి. ఒలికింది స్పిరిటు జాతి అయి, తయారీదారు పట్టికలో మోతాదు 6.5 అని, ఆరు శాతం అని ఉంటే కాంపౌండ్ 585 లీటర్లు. మూడు డ్రమ్ములు.

ఈ లెక్క చూసి, రెండు మిల్లీమీటర్ల పొర నిమిషంలోపే దానంతటదే కాలిపోతుంది కదా, ఇంత హంగామా ఎందుకని ఎవరైనా అడగవచ్చు. పెట్రోలు మడుగు నిమిషానికి దాదాపు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున తరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్న సబబే. నిజం మంటల్లో అలా ఒక్కసారి ఒలికి ఆగిపోయేది అరుదు. కారే డ్రమ్ము కారుతూనే ఉంటుంది, పక్క డ్రమ్ము వేడికి ఉబ్బి పగులుతుంది. పైపెచ్చు నురగను అయినంత మేరకు పోసి చూద్దాం అనే పద్ధతి ఇందులో పనికిరాదు. మోతాదు కంటే తక్కువ వేగంతో ఎంతసేపు పోసినా మంట తిన్నంత నురగే పడుతుంది తప్ప పరుచుకోదు. కాంపౌండ్ సరిపోదని తెలిస్తే, సరిపడా వచ్చేదాకా ఆగి, అప్పటిదాకా చుట్టుపక్కలను చల్లబరచడమే తెలివి. 2009 అక్టోబరులో జైపూర్ ఇండియన్ ఆయిల్ డిపో పేలినప్పుడు అక్కడి ఫైర్ వ్యవస్థ మొదటి దెబ్బకే పనికిరాకుండా పోయింది. చివరికి ఇంధనాన్ని కాలిపోనివ్వాలని నిర్ణయించారు, పదకొండు రోజులు కాలింది.

విశాఖ దువ్వాడలోని బయోమాక్స్ కర్మాగారంలో 2016 ఏప్రిల్ 26 సాయంత్రం బయోడీజిల్ ట్యాంకులు అంటుకున్నప్పుడు నౌకాదళం కూడా రంగంలోకి దిగాల్సి వచ్చింది. బయోడీజిల్ తయారీలో మిథనాల్ వాడతారు. అలాంటి చోట ఫోమ్ నిల్వ లెక్క వేసేటప్పుడు పెద్ద ట్యాంకులో ఉన్న నూనెను కాక, పక్కన చిన్న ట్యాంకులో ఉన్న మిథనాల్‌ను చూసి రకం నిర్ణయించాలి.

క్లాస్-బి మంటలకు: మన లెక్కలో ఏ అంటే కట్టె, గుడ్డ, కాగితం. బి మండే ద్రవాలు, సి వాయువులు, డి లోహాలు. ఇక్కడ ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే లేబుల్ మీద క్లాస్-బి అని ఉన్నా, డ్రమ్ములో ఏముందో డ్రమ్ము మీద రాసి ఉండదు.

బజార్‌ఘాట్ భవనం కింద ఉన్నవి ఫైబర్ సామాన్ల తయారీకి వాడే పాలియెస్టర్ రెజిన్ వంటి రసాయనాల డ్రమ్ములని అప్పట్లో వార్తల్లో వచ్చింది. ఆ జాతి రెజిన్‌లో మండేది ముఖ్యంగా స్టైరీన్. నీళ్లతో కలవని నూనెజాతి, మామూలు ఏఎఫ్ఎఫ్ఎఫ్‌కు కూడా లొంగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కాని ఫైబర్ పని జరిగే చోట రెజిన్‌ను గట్టిపరచడానికి సాధారణంగా ఎంఈకే పెరాక్సైడ్ కూడా ఉంటుంది. పెరాక్సైడ్ తన ఆక్సిజన్ తనే తెచ్చుకుంటుంది, పైనుంచి గాలి ఆపి దాన్ని ఆర్పలేం, వేడెక్కనివ్వకుండా దూరంనుంచి ఎక్కువ నీళ్లతో చల్లబరచాలి. కాబట్టి రెజిన్ అని తెలిస్తే ఒక ఫోమ్, రెజిన్ పక్కన హార్డెనర్ ఉందని తెలిస్తే మొత్తం వ్యూహమే వేరు. ఆ తేడా చెప్పగలిగింది డ్రమ్ములు అక్కడ పెట్టినవాళ్లు మాత్రమే. నివాస భవనం కింద రహస్యంగా పెట్టిన సరుకు గురించి ఇంజన్ దిగిన ఫైర్‌మన్‌కు ఎవరు చెబుతారు?

ఇంకోటి. ఆ రోజు పై అంతస్తుల్లో ఉన్న కుటుంబాలను చంపింది ప్రధానంగా పొగ. మడుగు మీద నురగ ఎంత చక్కగా పరిచినా అప్పటికే మెట్ల దారిలో నిండిన పొగను అది వెనక్కి పిలవలేదు. పేర్చిన డ్రమ్ముల మంట మడుగు మంటలా చదునుగా ఉండదు, పైనుంచి కారుతూ, పక్కకు చిమ్ముతూ, మూడు దిక్కుల్లో ఉంటుంది. నురగ పరుచుకునేది చదును మీదే. జనం నిద్రపోయే కప్పు కింద అలాంటి సరుకు ఉండనివ్వకపోవడానికి సాటి వచ్చే ఫోమ్ ఏ దుకాణంలోనూ దొరకదు. దాన్ని చూసి రాసుకోవాల్సిన అధికారుల రిజిస్టరు ఫోమ్ కంటే చవక.

క్లాస్-బి కానివాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. గ్యాస్ సిలిండరు లీకు మంట ఫోమ్‌కు దొరకదు, వాల్వు కట్టాలి. సోడియం వంటి లోహాలు, నీటితో భగ్గుమనే రసాయనాల మీద ఫోమ్ అంటే నీళ్లు పోసినట్టే, ప్రమాదం. కరెంటు ఉన్న ప్యానెల్ మీద వద్దు. సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబరు 12న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నుంచి లేచిన మంట పైనున్న లాడ్జిలో ఎనిమిది మందిని బలితీసుకుంది. లిథియం బ్యాటరీ లోపల మొదలైన వేడిని పైన పరిచిన నురగ ఆపలేదు. హోటల్ బాణలిలో భగ్గుమన్న వేపుడు నూనె చూడ్డానికి క్లాస్-బిలా ఉంటుంది, కాని మూడు వందల డిగ్రీలు దాటిన ఆ నూనెలో నీరున్న ఏ నురగ పడినా ఆవిరై ఎగజిమ్ముతుంది. దానికి వెట్ కెమికల్ డబ్బా వేరే ఉంది.

ఇతర ఫోములతో కలపరాదు: డ్రమ్ముల్లో, ట్యాంకుల్లో రెండు కంపెనీల కాంపౌండ్లు కలిపితే పేరుకుని, గడ్డకట్టి, ఇండక్టర్ గొంతులో అడ్డం పడవచ్చు. మంట మీద వేరువేరు బ్రాంచ్‌ల నుంచి వచ్చిన నురగలు కలిసినా సాధారణంగా ఇబ్బంది లేదు, ఆ తేడా తెలియక ప్రమాదస్థలంలో సాయానికి వచ్చిన ఇంజన్‌ను నిలిపేసినవాళ్లున్నారు. పొడి విషయంలో మాత్రం జాగ్రత్త. బంకుల్లో వేలాడే డ్రై పౌడర్ డబ్బాల్లో కొన్ని రకాలు ప్రొటీన్ నురగను క్షణాల్లో విరగ్గొడతాయి. పౌడర్‌తో మంటను కొట్టి, వెంటనే ఫోమ్‌తో కప్పడం మంచి పద్ధతే, ఆ రెండూ ఒకదానికొకటి పడతాయని ముందే చూసి కొన్నప్పుడు.

లేబుల్ మీద లేని మాట, ఫ్లోరిన్: ఏఎఫ్ఎఫ్ఎఫ్ తలతన్యతను అంత దించేది ఫ్లోరిన్ ఉన్న రసాయనాలే, పీఫాస్ అని వాటి పేరు. ఒకసారి నీళ్లలో కలిస్తే విరగవు, తరాలపాటు ఉంటాయి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ డిపోలో లేచిన మంట ఆర్పడానికి దాదాపు 7,86,000 లీటర్ల కాంపౌండ్ వాడారు. మంట ఆరింది, కాని నేల కింది భూగర్భజలంలోకి ఆ రసాయనాలు దిగాయి. ముఖ్యమైన పీఫాస్‌లలో పీఎఫ్ఓఎస్‌ను 2009లో, పీఎఫ్ఓఏను 2019లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాలో చేర్చారు. 2025 అక్టోబరులో ఐరోపా సంఘం ఫోములన్నిట్లోనూ పీఫాస్‌ను దశలవారీగా నిలిపేసే నియమం తెచ్చింది. ఇక్కడ పోసిన నురగ నాలాల్లోంచి హుస్సేన్ సాగర్‌కో మూసీకో చేరుతుంది. అందుకే శిక్షణకూ, డ్రిల్లుకూ పీఫాస్ ఉన్న ఫోమ్ వాడడం ఇప్పటికే ఆపేయదగ్గ అలవాటు, దానికి ఫ్లోరిన్ లేని ట్రైనింగ్ ఫోమ్ దొరుకుతుంది.

అసలు మంటలకూ ఫ్లోరిన్ లేని రకాలు వచ్చాయి. వాటికి ఆ పలుచని పొర లేదు, బలమంతా బుడగల దుప్పటిలోనే. కాబట్టి బాగా ఉబ్బించే బ్రాంచ్ కావాలి, మెల్లగా పరచాలి, చాలాసార్లు మోతాదు ఎక్కువ కావాలి, హెప్టేన్ మీద నెగ్గింది పెట్రోలు మీద నెగ్గుతుందని అనుకోకూడదు. పాత పంపుల్లో డ్రమ్ము మార్చేస్తే సరిపోతుందనే అమ్మకందారును నమ్మవద్దు. ఏఎఫ్ఎఫ్ఎఫ్ ఉన్న ట్యాంకును, పైపులను పలుమార్లు కడగాలి, గోడలకు పట్టిన పాత ఫ్లోరిన్ కొత్త ఫోమ్‌లోకి దిగుతూనే ఉంటుంది. కడిగిన నీళ్లు కాలువలో పోయకుండా డ్రమ్ముల్లో పట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే దుండిగల్ కేంద్రానికి పంపాలి. ఆ ఖర్చును కొత్త ఫోమ్ కొటేషన్‌లోనే విడిగా చూపమని మొదటి రోజే అడగాలి.